గుంపు లేవడానికి ముందస్తు అనుమతి

సృష్టిలో ఏ జీవి అయినా ఇల్లు మారదలచుకుంటే ఇరవై ఒక్క పనిదినాల ముందు తెలియజేయాలి. ఇది ప్రకృతి నియమం కాదు, అంతకంటే గట్టిది. తేనెపెట్టెల పర్యవేక్షణ శాఖవారి పద్నాలుగో నియమం. ప్రకృతి ఒక్కోసారి చూసీ చూడనట్టు ఊరుకుంటుంది గాని శాఖ ఊరుకోదు (శాఖ అసలు చూడదు, అది వేరే సంగతి).

ఈ నియమం గురించి మా మేనత్త పెట్టెలో ఉన్న ఇరవై వేల ఈగలకు ఎవరూ చెప్పలేదు. తప్పంతా అక్కడే జరిగింది.

అత్తయ్య పదేళ్లుగా తేనెటీగలు పెంచుతోంది. కిందటి చలికాలంలో ఆరు పెట్టెల్లో ఐదు ఖాళీ అయిపోయాయి. మిగిలింది నీలం పెట్టె ఒక్కటే. వసంతం రాగానే అందులో ఈగలు కిక్కిరిసిపోయాయి. ఒకరోజు చట్రాలు పైకి తీసి చూస్తే, తేనెపట్టు అంచున వేరుశనగకాయల్లాంటి గదులు వేలాడుతున్నాయి. కొత్త రాణిని పెంచే గదులవి. వాటికి మూతలు పడ్డాయంటే పాత రాణి సగం ఈగల్ని వెంటేసుకుని లేచిపోతుంది, మళ్లీ వెనక్కి చూడదు. ఈలోపే సగం చట్రాలు ఇంకో పెట్టెలోకి మార్చేస్తే రెండు కాపురాలూ మన పెరట్లోనే ఉంటాయి. అరగంట పని. అత్తయ్య చేతిలో ఉన్నది వారం.

"మార్చెయ్ మరి, చూస్తూ కూర్చున్నావేంటి?" అన్నాను.

"అనుమతి లేకుండా మారిస్తే అది అక్రమ పెట్టె అవుతుందిరా. వెనకవీధి వడ్రంగి పెట్టెలు ఏం చేశారో చూశావుగా! కొత్తదీ పాతదీ కలిపి తగలబెట్టారు. నాకున్నదే ఒక్కటి."

అలా దరఖాస్తు పెట్టాం. శాఖ కార్యాలయంలో అద్దానికున్న కన్నం నడుము ఎత్తులో ఉంటుంది. పౌరులు వంగి మాట్లాడాలని కాదు, వంగకుండా మాట్లాడకూడదని. లోపలి గుమాస్తా కాగితాలు తిరగేసి పెదవి విరిచాడు.

"ఇల్లు మారేవాళ్ల సంతకం ఏదమ్మా? పాత రాణి సంతకం ఉండాలి ఇక్కడ."

"అది ఈగ అండీ."

"చదువు రాకపోతే ముద్ర వేయించండి. పర్లేదు."

అత్తయ్య మర్నాడు ఆ ముద్ర కూడా వేయించుకొచ్చింది. గుమాస్తా దాన్ని భూతద్దంలో చూసి, ఇది ఎడమకాలా కుడికాలా అని అడిగాడు. ఆరు కాళ్లలో అది ఏ కాలో మేం చెప్పలేకపోయాం. ఆ వాదన తేలేసరికి నాలుగో రోజు వచ్చింది.

ఐదో రోజు తనిఖీదారు వచ్చాడు. ఎండ నడినెత్తిన ఉంది. మూత తీయించి, తల నిండా వలగుడ్డ కప్పుకుని, మూడు గజాల దూరం నుంచి లోపలికి తొంగిచూశాడు.

"ఇరవై వేలని రాశారు. ఇక్కడ పదివేలు కూడా ఉన్నట్టు లేవే?"

"మిగతావి పూల మీదకి పోయాయండీ, మధ్యాహ్నం కదా. సాయంత్రం రండి, అన్నీ ఉంటాయి."

"సాయంత్రం మేముండం కదమ్మా."

రాసుకుపోయాడు: 'సగం మంది పనివేళల్లో గైర్హాజరు. కాపురం బలహీనం. విభజన అనవసరం.' (పదహారు కుర్చీలకు నలుగురు మనుషులున్న శాఖ అది. గైర్హాజరంటే ఏమిటో వాళ్లకు ఒకరు నేర్పక్కర్లేదు.) అత్తయ్య ఆ పూటే పునఃపరిశీలనకు పెట్టుకుంది. పునఃపరిశీలనకు గడువు, చెప్పాలా, మళ్లీ మొదటినుంచి ఇరవై ఒక్క పనిదినాలు.

ఆరో రోజంతా పట్టిన మబ్బు ఏడో రోజు విడిపోయి ఫెళ్లున ఎండ కాసింది. పదకొండింటికి నీలం పెట్టె గుమ్మంలోంచి ఈగలు పొంగినట్టు బయటికొచ్చి, పెరడంతా గిర్రున తిరిగి, పక్కింటి టీచరమ్మ గోడ మీదికి వంగిన కొమ్మకు పెద్ద గుమ్మడికాయంత ముద్దగా పట్టుకున్నాయి. చేతికందే ఎత్తు. కింద పెట్టె పెట్టి కొమ్మను ఒక్క దులుపు దులిపితే చాలు. అత్తయ్య పెట్టె పట్టుకుని పరిగెత్తింది. సరిగ్గా అప్పుడే, బలహీనం అన్న ఉత్తర్వు అందించడానికి తనిఖీదారు గేటు తీశాడు.

"ఆగండమ్మా, ముట్టుకోకండి! పెట్టె దాటిన ఈగ మీది కాదు. ఎగురుతుంటే రవాణా విభాగం, కొమ్మ మీద వాలితే చెట్ల విభాగం. పట్టుకున్నారో, ఆ మిగిలిన పెట్టె కూడా పోతుంది. నేను కనుక్కుంటానుండండి."

ఫోను తీశాడు. వాలడం కూడా ప్రయాణంలో భాగమేనని చెట్ల విభాగం, ప్రయాణం ముగిసింది గనకే వాలాయని రవాణా విభాగం. ఈలోగా ఆ ముద్దలోంచి నాలుగైదు వందల ఈగలు ఇళ్లు వెతకడానికి పోయి, వచ్చి, చూసొచ్చిన ఇంటి సంగతి నాట్యమాడి చూపించాయి. మిగతావి పోయి చూసొచ్చి సరేనన్నాయి. పదివేల ప్రాణులకు ఒక్క నిర్ణయం కుదరడానికి యాభై నిమిషాలు పట్టింది. అధ్యక్షుడు లేడు, టీ రాలేదు. ఆ యాభై నిమిషాల్లో మన రెండు విభాగాలూ తేల్చింది, ఈ విషయం లిఖితపూర్వకంగా రావాలని.

ముద్ద ఒక్కసారిగా విడిపోయి, కప్పుల మీదుగా లేచి, వీధి చివర మలుపు తిరిగి పోయింది. తనిఖీదారు తల దించుకుని ఉత్తర్వు మీద అత్తయ్య సంతకం తీసుకున్నాడు. ఆయన్ని అక్కడే నాలుగు మాటలు అనాలని అనుకున్నాను గాని, మాకింకా ఒక పెట్టె ఉంది.

అత్తయ్య ఖాళీ పెట్టెను చంకలోంచి దించలేదు. "అవి పోలేదురా," అంది. "గంటసేపు చేతికందేలా కూర్చున్నాయి. నేనే భయంతో చచ్చి, పోనిచ్చాను."

ఇరవై ఒకటో పనిదినాన పునఃపరిశీలన ఫలించింది. 'మీ కాపురాన్ని రెండుగా విభజించుకొనుటకు అనుమతించడమైనది. మూడు రోజుల్లో రెండో పెట్టె చూపనిచో మొదటి పెట్టె నమోదు కూడా రద్దగును.' అత్తయ్య కాగితం రెండుసార్లు చదివి, ఖాళీ పెట్టె తెచ్చి నీలం పెట్టె పక్కన పెట్టింది. తనిఖీదారు వచ్చి దాని మీద నంబరు అతికించాడు.

"తెరిచి చూడరా?" అంది అత్తయ్య.

"కొత్త కాపురాన్ని కదపకూడదమ్మా. పాపం, సర్దుకోవాలి కదా!"

శాఖవారి వసంతకాల నివేదిక ఈ వారమే వెలువడింది, నున్నటి కాగితం మీద. అత్తయ్య పెట్టెలు రెట్టింపయ్యాయి. ఈ సీజనులో ఒక్క ఈగ కూడా ఇల్లు వదిలి వెళ్లలేదు.