రెండు మీటర్ల దూరంలో శాలువా

జనవరి, లాక్‌డౌన్, ఐర్లండ్‌లోని నేవన్ ఊళ్ళో సన్నటి వాన. అయినా సాహితికి ఆ ఉదయం పండగలా ఉంది. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. పైగా భర్త ఆకాష్ ఈ దేశంలో కాలుపెట్టి ఆ రోజుకు సరిగ్గా ఐదేళ్ళు. ఐదేళ్ళుంటే పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పొద్దున్న పూర్ణాలు, మధ్యాహ్నం ఫారం, సాయంత్రం పోస్టాఫీసు. అంతే ప్లాను.

మొదటి వాయి దింపగానే ఫొటో తీసి నేవన్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. "ఐదేళ్ళు పూర్తి! ఇక మా ఆయన ఐరిషే!"

"నేనింకా అప్లై కూడా చెయ్యలేదే తల్లీ," అన్నాడు ఆకాష్.

"ఈవేళ చేస్తావుగా. ఆగేదేముంది?"

అభినందనలు ఆగలేదు. పది నిమిషాల్లో నలభై వచ్చాయి. సుగుణ ఆంటీ కొత్త పాస్‌పోర్టుని ఫొటో తీసి పెట్టమంది. కాదని చెప్పడానికి సాహితికి మనసొప్పలేదు. ఫారం సాయంత్రానికల్లా వెళ్ళిపోతే అబద్ధం పెద్దగా మిగలదు. వెళ్ళకపోతే మాత్రం గ్రూపులో మళ్ళీ తలెత్తుకోలేదు.

పదకొండింటికి ఎదురింటి హనాన్ వచ్చి గేటు దగ్గరే ఆగింది. సిరియా నుంచి శరణార్థిగా వచ్చి, ఊళ్ళో వృద్ధాశ్రమంలో పనిచేస్తోంది. ఒక ఫారం ప్రింట్ కావాలంటూ పెన్‌డ్రైవ్ గోడమీద పెట్టింది. ఆకాష్ దాన్ని లోపలికి తీసుకెళ్ళాడు.

"ఇవాళ మా ఆయన పౌరసత్వానికి అప్లై చేస్తున్నాడు," అంది సాహితి. "మాకే ఐదేళ్ళు పట్టింది. నీకెన్నాళ్ళు పడుతుందో పాపం!"

హనాన్ ఏదో చెప్పబోయేంతలో కారు హారన్ మోగింది. తెలుగు సంఘం అధ్యక్షులు సుందరరామయ్య దిగారు. చేతిలో బట్టలారేసే తీగకు ఆనించే పొడవాటి కర్ర, దాని కొసన పట్టు శాలువా.

"అమ్మాయ్, మీ ఆయన్ని గుమ్మంలో కదలకుండా నిలబడమను. సన్మానం రెండు మీటర్ల దూరం నుంచే. గార్డా పోలీసులొచ్చినా తప్పు పట్టకూడదు!"

కర్ర చూసి వీధిలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరికోసమో తెలియకపోయినా అందరూ చప్పట్లు కొట్టారు. సుందరరామయ్య ఫోన్ గోడమీద నిలబెట్టి, గ్రూపుకి వీడియో కాల్ కలిపారు.

శాలువా ఊగుతూ బయల్దేరింది. ప్రింటుతో బయటికొచ్చిన ఆకాష్ గుమ్మంలోనే ఆగిపోయాడు. "హనాన్, ఇది పౌరసత్వం ఫారమేగా?"

"అవును. మీరు మొదట వచ్చింది చదువుకా, ఉద్యోగానికా?"

"చదువుకే. డండాక్ కాలేజీలో రెండేళ్ళు."

"స్టూడెంట్ వీసా రోజులు లెక్కలోకి రావు. నేను రూల్సన్నీ చదివాను."

ఆకాష్ గబగబా ఫోన్‌లో వెతికాడు. మొహం పాలిపోయింది. "మనకి మూడేళ్ళే అయింది సాహితీ."

"మూడు చాలవా?"

"మీకు చాలవు," అంది హనాన్ మెల్లగా. "శరణార్థులకి చాలు. నావి సోమవారంతో నిండాయి."

చప్పట్లు ఆగాయి. వీడియోలో ముప్ఫై మొహాలు సాహితినే చూస్తున్నాయి. ఆమె ఒక్క క్షణం చెవులదాకా ఎర్రబడింది. తర్వాత నవ్వు తన్నుకొచ్చింది.

"అంకుల్, కర్ర కాస్త ఎడమకి తిప్పండి! అర్హత వచ్చింది ఈవిడకి. మా ఆయన విషయంలో నేనే తొందరపడ్డాను."

"అప్లై చెయ్యడానికి కూడా శాలువానా అమ్మా?"

"మీరు ఇవాళ వచ్చిందీ అప్లై చెయ్యడానికే అంకుల్, మీకు తెలీదంతే."

"సరే. తెచ్చిన శాలువా వెనక్కి తీసుకెళ్ళడం నా అలవాట్లో లేదు," అంటూ సుందరరామయ్య కర్ర తిప్పారు. శాలువా హనాన్ భుజాల మీద వాలింది. వీధి మళ్ళీ చప్పట్లు కొట్టింది.

శాలువా సర్దుకుంటూ హనాన్ ఫారం తిరగేసింది. "మనం తెలుసని ముగ్గురు ఐరిష్ పౌరులు సంతకం పెట్టాలట. మీ వంతు వచ్చేసరికి నేనూ పౌరురాలినైతే, ఒకటి నేను పెడతాను."

మిగతా ఇద్దరినీ వెతుక్కోవడానికి ఆకాష్‌కు ఇంకా రెండేళ్ళ వ్యవధి ఉంది.