మంచం మీద నుంచి ఇల్లు చూపులు

ఆ ఆదివారం పది గంటలకు ఇల్లు చూడటానికి పోవాలని గురునాథ్ పదిహేను రోజుల కిందే అనుకున్నాడు. ఈలోగా కాలు విరిగింది. బీదర్ గాంధీ గంజ్‌లో పప్పుల దుకాణం గుమస్తా అతను. "చూసి నడువుండ్రి, పప్పు మీద కాలేస్తే పండ్లు రాలుతయ్" అని ఇరవై ఏళ్ళుగా హమాలీలకు చెప్పే మనిషి, ఆ మాట చెబుతూనే కందిపప్పు మీద కాలేశాడు. పండ్లు మిగిలాయి గానీ, ఎడమకాలికి మోకాలి దాకా సిమెంటు కట్టు పడింది.

ఇల్లు అమ్మే విజయమ్మ ఇంకో వారం ఆగనంది. ఇప్పటికే ఇద్దరు అడిగిపోయారట. అందుకని భార్య ప్రేమల ఒక్కతే పోయి వీడియో కాల్‌లో ఇల్లంతా చూపించాలని, గురునాథ్ మంచం మీద నుంచే చూసి తేల్చాలని నిర్ణయమైంది.

"ఇగో ప్రేమలా, ఆడ ఏం చూసినా నవ్వకు. మంచిగుందని నోరు జారినవంటే ధర తగ్గియ్యరు. పులిసిన మజ్జిగ తాగినట్టు పెట్టాలె మొఖం."

"ఈ కిరాయింట్లకు వచ్చినప్పటి సంది అట్లనే ఉంది నా మొఖం," అంది ప్రేమల చెప్పులు తొడుక్కుంటూ.

పదిన్నరకు ఫోన్ మోగింది. గురునాథ్ ఫోన్‌ను మందుసీసాకు ఆనించి, కళ్ళద్దాలు సర్దుకున్నాడు. సోఫాలో ముసలి విజయమ్మ, ఆమె వెనుక హాలు కనిపించాయి. తాముండే రెండు గదులూ అందులో పట్టేటట్టున్నాయి. కిటికీల్లోంచి ఎండ నేల మీద చాపలా పరుచుకుంది. అతని గుండె గంతులేసింది. మొఖం మాత్రం కదలనివ్వలేదు.

అక్కడ జరిగింది అతనికి తెలియదు. విజయమ్మ కోడలు అక్షర, మర్యాద తెలిసిన పిల్ల. "అక్కా, గింత ఫోన్ల అన్న మొఖం ఏం కనపడ్తది? టీవీకి కలుపుత," అని ప్రేమల వద్దనేలోపే కలిపేసింది. గోడంత టీవీలో గురునాథ్ ప్రత్యక్షమయ్యాడు. చిరుగుల బనియన్, వెనుక చెమ్మ పట్టిన గోడ, దండెం మీద తువ్వాలలు, అన్నిటితో సహా. సోఫాలో విజయమ్మ, ముచ్చట పెట్టడానికి వచ్చిన పక్కింటావిడ కళ్ళార్పకుండా చూస్తున్నారు.

ప్రేమల ఫోన్ తనవైపు తిప్పుకొని కళ్ళు పెద్దవి చేసింది.

"శభాష్! గా మొఖమే ఉంచు," అన్నాడు గురునాథ్.

ప్రేమల దగ్గింది.

"దుమ్ముందా? ఇంకా మంచిది. గా మాట గట్టిగ అను."

"అది గాదు, టీవీల..."

"టీవీ వాళ్ళే తీస్కపోతరు, దాని ముచ్చట మనకెందుకు? ఇను. నాకైతే ఇంటి మీద పానం గుంజుతుంది. కానీ బయటపడొద్దు. గా ముసలమ్మ అమాయకురాలి లెక్క ఉంది, జర బెట్టు చేస్తే దిగుతది."

ప్రేమల కొంగు మొఖానికి అడ్డం పెట్టుకుంది. భార్య నటన ఇంత పండుతుందని గురునాథ్ ఎన్నడూ అనుకోలేదు. హుషారొచ్చింది.

"ఇప్పుడు గోడ కొట్టి చూడు. వేళ్ళతోని కాదు, ఇట్ల!" అని చంకకర్ర తీసి తన గోడను రెండుసార్లు కొట్టి చూపించాడు. రొట్టెంత పెచ్చు ఊడి మంచం మీద పడింది. మీసాల మీద సున్నం దులుపుకుంటూ, "గిట్ల రాలొద్దు," అన్నాడు.

ఫోన్‌లోంచి కిలకిల వినిపించింది. సిగ్నల్ బాగాలేదనుకున్నాడు.

తర్వాత నల్లా వంతు. ఎంత చెప్పినా ప్రేమల కదలకపోవడంతో, ఎలా పరీక్షించాలో తానే చూపించాలనుకున్నాడు. ఒంటికాలి మీద కుంటుకుంటూ స్నానాలగదికి పోయి, ఫోన్‌ను సబ్బుల అరలో నిలబెట్టి, "పూర్తిగ తిప్పాలె, సూడు," అని నల్లాను తిప్పాడు. నల్లా చేతికొచ్చింది. గోడలోంచి నీళ్ళు పిచ్చికారీ కొట్టాయి. కట్టు తడవకుండా కాలు పైకెత్తేసరికి వెనక్కి తూలి బకెట్లో కూలబడ్డాడు. కాలు మాత్రం జెండాకర్రలా పైనే ఉంది.

"అయ్యయ్యో!" అని ఫోన్‌లో ఆడవాళ్ళ గొంతులన్నీ ఒక్కసారే వినిపించాయి. వాటిని దాటుకొని ఒక గొంతు గద్దించింది. "నాయనా, ఎడమ దిక్కు కింద వాల్వు ఉంది సూడు, బంద్ చెయ్!"

గురునాథ్ తడుముకుంటూ వాల్వు తిప్పాడు. నీళ్ళు ఆగాయి. అప్పుడు అనుమానమొచ్చింది.

"ఎవరమ్మా మాట్లాడేది?"

"నేనే నాయనా, అమాయకపు ముసలమ్మను."

అతని ఒంట్లో మిగిలిన కాస్త వేడీ పోయింది. "మీరు... చూస్తున్నరా?"

"మొదటి సంది చూస్తున్నం, టీవీల. గోడ చూసినం, నల్లా చూసినం. వంటిల్లొక్కటే చూపియ్యలేదు నువ్వు."

ఫోన్ తెర మూలన చిన్న చదరంలో తన బొమ్మ తనకే కనిపించింది. బకెట్టు, పెచ్చులూడిన గోడ, చేతిలో నల్లా. కిరాయి తక్కువ కదా, ఇంకేం తక్కువైందని ఇన్నేళ్ళూ తాను పెళ్ళాం నోరు మూయించిన ఇల్లు ఇదేనా అనిపించింది. అవతల విజయమ్మ అడుగుతోంది.

"ఎన్నేండ్లాయె బిడ్డా, గా ఇంట్ల?"

"ఇరవై రెండు," అంది ప్రేమల మెల్లగా.

ఇల్లు చేజారిందని గురునాథ్‌కు అర్థమైంది. "తప్పైందమ్మా," అన్నాడు బకెట్లోంచే. "ఇల్లు నిజంగ మంచిగుంది. నా అతి తెలివికి ఆమెను శిక్షించకుండ్రి."

"నీకైతే అమ్మను," అంది విజయమ్మ ఖరాఖండిగా. "ప్రేమలకు అమ్ముత. కాయిదం ఆమె పేరు మీదనే కావాలె. ధర మాత్రం పైసా తగ్గది, ఇంటి మీద పానం గుంజుతుందని నీ నోటితోనే ఇన్న."

నెల తిరిగేసరికి రిజిస్ట్రేషన్ అయింది. ప్రేమల కుర్చీలో కూర్చొని ఫోటో దిగింది, వేలిముద్ర వేసింది. చంకకర్రతో పక్కన నిలబడ్డ మనిషిని చూసి, ఈయనెవరని కన్నడంలో అడిగాడు రిజిస్ట్రేషన్ ఆఫీసు గుమస్తా.

"మా ఇంటాయన," అంది ప్రేమల.

ఆయన సంతకం అక్కర్లేదన్నారు గానీ, సాక్షి ఒకరు తక్కువైనందున సాక్షిగా పెట్టనిచ్చారు.