గోడెక్కిన వీణ

ఆదివారం పొద్దున్నే హాలు గోడను అలంకరించి అత్తగారిని మెప్పించాలని దర్జీ నిశ్చయించుకున్నాడు. తోలుబొమ్మ, ఇత్తడి పళ్ళెం, నెమలీకల విసనకర్ర ఎక్కేశాయి. మిగిలింది వీణ. అది ఆవిడ తండ్రిగారిది. "దీని మీద గీత పడిందో, వెనక్కి పట్టుకుపోతా" అని చెప్పి మరీ పోయిన నెలలో కూతురికి ఇచ్చారు.

తాడు కట్టవచ్చు. కానీ వృత్తి అభిమానం ఊరుకోదు కదా! "పెళ్ళికూతురి జాకెట్టునే ఆపిన దారం, వీణను ఆపదా?" అంటూ ఏడు పేటలు పేని కట్టాడు. ఆపలేదు. వీణ దివాను మీద పడింది గానీ, మెడ కింద ఉండే చిన్న సొరకాయ బుర్ర అంచుకు కొట్టుకుని రెండు చెక్కలైంది. వీణకు బుర్ర పగిలింది. దర్జీకి బుర్ర ఆగింది.

"ఏంటండీ ఆ చప్పుడు?" వంటింట్లోంచి భార్య.

"శ్రుతి... శ్రుతి చూస్తున్నానే!"

"మీకు వీణ వచ్చా? చెప్పనేలేదే!" జవాబు వినకుండానే ఫోనెత్తింది. "అమ్మా, తొందరగా రా! మీ అల్లుడు వీణ వాయిస్తారట!"

దర్జీ మిషను మీదికి ఉరికాడు. చెక్కలు రెండూ కలిపి, బుర్రకు బిగుతుగా పట్టు తొడుగు కుట్టి, వీణను ఈసారి తాడుతోనే తగిలించాడు. ఒక్కదానికే తొడుగుంటే అనుమానమని బొమ్మకూ, పళ్ళానికీ, విసనకర్రకూ కుట్టాడు.

అత్తగారు వచ్చి గోడను ఎగాదిగా చూశారు. "ఏం అల్లుడూ, గోడకి చలేసిందా?"

"దుమ్ము పడుతుందని, అత్తయ్యా."

"సరేగానీ, ఒక్క ముక్క వాయించు నాయనా."

ముక్క అన్న మాటకే దర్జీ ఉలిక్కిపడ్డాడు. "తొడుగు తీస్తే శ్రుతి పోతుందండీ!"

"తొడుగుతో ఎవరైనా వాయిస్తారా?" భార్య తొడుగు ముడి లాగేసింది. చెక్కలు రెండూ నేల మీద దొర్లాయి.

దర్జీ నేరం ఒప్పుకోవడానికి నోరు తెరిచాడు. అత్తగారు అంతకంటే ముందే నెత్తి కొట్టుకున్నారు. "చచ్చాను! నా కాగితం బుర్ర బయటపడిపోయింది!"

"కాగితం బుర్రేంటమ్మా?" కూతురు ఒక చెక్క తిప్పి చూసింది. లోపలంతా పాత వార్తలు.

"పదమూడేళ్ళప్పుడు అసలుది నేనే పగలగొట్టానే. మీ తాతయ్య చూస్తే చీరేస్తారని, పేపర్లు నానబెట్టి ఇది చేసి రంగేశా. అప్పట్నుంచీ దీన్ని ఎవరు ముట్టుకున్నా నాకు గుండెదడే. పోన్లే, పీడా విరగడైంది!"

అమ్మా కూతుళ్ళు పడీ పడీ నవ్వారు. చెక్కలు ఏరుతున్న అత్తగారి చేతికి తెగిన ఏడు పేటల దారం తగిలింది. ఆవిడ దారాన్ని చూశారు, అల్లుణ్ణి చూశారు, చప్పుడు చేయకుండా దాన్ని చుట్టి బొడ్లో దోపుకున్నారు.

"కొత్త బుర్ర మనిద్దరం చేద్దాంలే, అల్లుడూ. పాట మాత్రం నీదే!"

దర్జీ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. సోమవారం నుంచి వీణ క్లాసుకు వెళుతున్నాడు.