మృగశిర నాడు తలలేని చేప

ఆ రోజు పొద్దున రాజనర్సయ్య అనుకున్నది చాలా చిన్న పని. అమీర్‌పేటలో ఆయనది టైలర్ దుకాణం. రెడీమేడ్ బట్టలు వచ్చాక అందులో ఈగలు తోలుకోవడమే మిగిలింది. అలాంటి మనిషికి పంజాగుట్టలో ఓ అదృష్టం తగిలింది. అక్కడ పాత బంగళాను ఇంగ్లండు పల్లెటూరి ఇల్లులా మార్చి పెద్ద హోటల్ పెట్టారు. నలభై మంది పనివాళ్లకు యూనిఫారాలు కావాలి, మధ్యాహ్నం గుడ్డల నమూనాలు తెమ్మని మేనేజర్ సంహిత కబురు పంపింది. ఈ పని దొరికితే దుకాణం నిలుస్తుంది, లేకపోతే తాళమే.

చిక్కేమిటంటే, అదే రోజు మృగశిర కార్తె మొదలు. మృగశిర నాడు చేప వాసన రాని ఇల్లు మన వైపు ఎక్కడైనా ఉంటుందా చెప్పండి! రాజనర్సయ్య బజారుకు వెళ్లేసరికి బుట్టల్లో ఐసు ముక్కలే మిగిలాయి.

"ఇయ్యాల చేప తినకపోతే ఏడాదంతా పింకీకి దగ్గొస్తది. నువ్వు చూసుకుంటవా?" అని భార్య మంగవ్వ మనవరాలిని ముందుకు తోసింది.

"లొల్లి చెయ్యకు. గా హోటల్ల చేపలున్నయట. మీరు సుత రాండ్రి. గని ఆడ నోరు తెరవొద్దు."

"నోరు తెరవకుంట చేపెట్ల తింటరు?"

హోటల్లో నీలం అంచు పళ్లెం వచ్చింది. అందులో బంగారు రంగు దిండులాంటిది ఒకటి, పక్కన వేయించిన ఆలుగడ్డ ముక్కలు. మంగవ్వ దిండును విరిచింది, తిప్పింది, వాసన చూసింది.

"ముల్లు లేదు, తోక లేదు, తలకాయ లేదు. ఇది చేపని సాక్ష్యమేంది?" అని వడ్డించే ప్రవీణ్‌ను పిలిచింది. "బిడ్డా, జర దీని తలకాయ తెచ్చి చూపియ్యి."

ప్రవీణ్ బెదిరి లోపలికి పరుగెత్తాడు. పక్క టేబుల్ దగ్గరున్న అరుణాదేవి ఫోర్కు కింద పెట్టింది. ఆమె సోమాజిగూడలో పెద్ద ఆఫీసరు, అయినా మృగశిర కోసమే వచ్చింది. "నిజమే, నా దానికీ తలకాయ లేదు!" అంది. అంతే, పదకొండు టేబుళ్ల దగ్గర తినడం ఆగిపోయింది. అందరూ కార్తె కోసం వచ్చినవాళ్లే మరి.

సంహిత పరుగున వచ్చింది. "అమ్మా, ఇది సముద్రపు చేపండి. తల తీసేసి ప్యాకెట్లో వస్తుంది."

"మరి తలకాయ?"

"విశాఖపట్నంలోనే ఉండిపోయిందండి."

"గంత దూరం పోయి చూసొస్తమా?"

సంహిత రాజనర్సయ్య వైపు తిరిగింది. "ఈవిడ మీ మనిషేనా?"

ఆయన మెనూ కార్డు వెనక్కి జరిగాడు. "కాదు మేడం. జాగ లేక ఒక్క టేబుల్ కాడ కూసున్నం."

"తాతా, నీ గుడ్డల సంచి నా కాలు మీదున్నది," అంది పింకీ.

ఆయన సంచిని కాలితో టేబుల్ కిందికి తోశాడు. మంగవ్వకు మాత్రం ఎక్కడి నుంచో చింతపండు పులుసు వాసన తగిలింది. లేచి నేరుగా వంటింట్లోకి నడిచింది, వెనకాల అరుణాదేవి, ఆమె వెనకాల మిగతావాళ్లు. అక్కడ వంటమనిషి మహిపాల్ పనివాళ్ల కోసం గంజు నిండా కొర్రమీను పులుసు పెట్టుకున్నాడు. వాళ్లకూ మృగశిరే కదా! మంగవ్వ మూత తీసింది. లోపలి నుంచి తలకాయ పైకి చూసింది.

"గిదీ చేపంటే! సాక్ష్యం కండ్లు తెరుసుకొని చూస్తున్నది!"

పావుగంటలో గంజు ఖాళీ. తినడానికొచ్చిన దొరలు పులుసూ అన్నమూ జుర్రుకున్నారు. పనివాళ్లు వంటింట్లో నిలబడి, బిల్లు లేకుండా, నీలం అంచు పళ్లాల్లో ఫిష్ అండ్ చిప్స్ తిన్నారు.

రాజనర్సయ్య సంచి చంకన పెట్టుకుని గేటు దాకా జారుకున్నాడు.

"ఆగండి, ఎక్కడికి?" సంహిత కేక వేసింది. "అందరూ రేపు కూడా పులుసు ఉంటుందా అని అడుగుతున్నారు. కార్తె పోయేదాకా పెడదామనుకుంటున్నాం. కొలతలు తీసుకోండి." ప్రవీణ్ చొక్కా మీద పులుసు చారలను ఓసారి చూసి, ఆయన సంచి తెరిచి నమూనాల్లోంచి తెల్లగుడ్డ పక్కన పడేసింది. "ఇది వద్దు. పులుసు రంగులో ఉందా?"

నలభై జతలూ పులుసు రంగులోనే కుట్టాడు. ఆ దిండు చేపేనని మంగవ్వ ఇప్పటికీ ఒప్పుకోలేదు.