బజ్జీ బండి దగ్గర సున్నం గీత

ఆ శనివారం పొద్దున బద్రీనాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగులమ్మ మిర్చి బజ్జీల బండి దగ్గరికి వెళ్లడం, ఆమెకు ఒక సలహా ఇవ్వడం, ఆ సలహా పాటించి బాగుపడ్డానని ఆమె చెబుతుంటే ఫోన్లో వీడియో తీయడం. ఇందులోంచి బొల్లారం రోడ్డు మీద రాస్తారోకో పుడుతుందని ఆయన భార్య రుక్మిణి కూడా ఊహించలేదు. ఆయన ఏ పని మొదలుపెట్టినా ముందుగా చెడు ఊహించడం ఆమెకు అలవాటే, అయినా ఊహించలేదు.

అదే రోడ్డు మీద హార్డ్‌వేర్ దుకాణం నడిపి తల నెరిసిన మనిషి బద్రీనాథ్. కొడుకు కార్తికేయ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నప్పటి నుంచి తండ్రి కుర్చీ ముందు ఫ్యాను కిందికి, తర్వాత పెయింటు డబ్బాల వెనక్కి, చివరికి కిష్టారెడ్డిపేట ఫ్లాటు బాల్కనీలోకి జరిగింది. దుకాణం పోయింది గానీ సలహాలు మిగిలిపోయాయి. కొడుకు వినడు. అపార్టుమెంటు వాచ్‌మన్ వింటాడు గానీ చెయ్యడు. అటువంటి సమయంలో, ఆఫ్రికాలోని జాంబియాలో చిన్న వ్యాపారులకు సలహాలు చెప్పడానికి అనుభవజ్ఞులను జీతం లేకుండా నాలుగు నెలలు పంపే సంస్థ ఒకటుందని తెలిసింది. ఉచితంగా సలహా చెప్పడం ఆయన జీవితమంతా చేసిందే. వినేవాళ్లుండటం ఒక్కటే కొత్త. ఆ ఆశతో ఆయన నిద్రలో కూడా నవ్వుతున్నాడని రుక్మిణి పక్కింటావిడకు చెప్పింది.

ఇంటర్వ్యూ అయింది, శిక్షణ అయింది, టీకాలు అయ్యాయి. సంస్థ వాళ్లు చొక్కా మీద తొడుక్కునే, మెరిసే పట్టీలున్న ఆకుపచ్చ జాకెట్టు, టోపీ పంపారు. ఇక ఒక్కటే మిగిలింది. సొంత ఊళ్లో కనీసం ఒక చిన్న వ్యాపారి, ఈయన సలహా పాటించానని కెమెరా ముందు చెప్పాలి. ఆ వీడియో శనివారం సాయంత్రానికి చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. వారమంతా రోడ్డు పొడుగునా తిరిగాడు. చికెన్ సెంటర్ జైపాల్, ఆ వరస దుకాణాలకు పెద్దమనిషి, మర్యాదగానే మాట్లాడాడు.

"సేటు, సలహా ఒద్దు. కూసో, చాయ్ తాగు."

శనివారం పొద్దున మొగులమ్మ ఒప్పుకుంది. కాదనే తీరిక లేక ఒప్పుకుంది. ఆ రోడ్డు మీదున్న కంపెనీ గేటు ముందు ఆమె బండి. షిఫ్టు దిగినప్పుడు జనం నాలుగు దిక్కుల నుంచి కడాయి మీద పడతారు. వాళ్లను వరసలో నిలబెట్టాలని, అందుకు రోడ్డు పక్కన గీత గీస్తానని బద్రీనాథ్ చెప్పాడు.

"గీసుకో సేటు, నాదేం పోతది. కడాయికి అడ్డం రాకుంటే చాలు" అంది మొగులమ్మ.

దుకాణాలు ఇంకా తెరవకముందే ఆయన ఆకుపచ్చ జాకెట్టు వేసుకుని, టోపీ పెట్టుకుని, కొలిచే టేపు, సున్నం బస్తాతో దిగాడు. బండి ముందు పది అడుగుల గీత సరిపోయేది. కానీ రేపటి ఎదుగుదలను ఇవాళే లెక్కలో పెట్టుకోవాలని సంస్థ శిక్షణలో చెప్పారు. మొగులమ్మ వ్యాపారం పెరిగితే వరస ఎంత దూరం పోతుందో ఆయన మనసులో చూశాడు. చూసి, గేటు దగ్గర మొదలుపెట్టి మలుపులో ఉన్న తమ హార్డ్‌వేర్ దుకాణం దాకా గీశాడు. దారిలో రేకుల పందిళ్లు, మెట్లు, ర్యాంపులు అడ్డొచ్చాయి. వాటి మీదుగా కూడా గీత తిన్నగా పోయింది. షిఫ్టు మారే వేళకు వీడియో తీయడానికి వస్తానని మొగులమ్మకు చెప్పి, చెమటకు తడిసిన జాకెట్టు విప్పి ఇంటికి పోయాడు.

జైపాల్ వచ్చి చూసేసరికి తన రేకుల పందిరి సగం గీతకు అవతల, రోడ్డు వైపు ఉంది.

"రోడ్డు వెడల్పు జేస్తున్నరు" అన్నాడు.

"కాదు జైపాలన్న" అంది మొగులమ్మ. "బజ్జీల కాడ లైను నిలబడనీకి సేటు జాకెట్ ఏసుకొని, టేపు పెట్టి గీసిండు."

"బజ్జీలకు ఎవడన్న టేపు పెట్టి కొలుస్తడా మొగులమ్మా?"

మొగులమ్మ ఆలోచించింది. ఆ మాటా నిజమే.

"మరి సేటు గట్లెందుకు చెప్పిండు?"

"ముందుగాల గట్లనే చెప్తరు. సర్కారు పనిల జేరిండు, ఒంటి మీద జాకెట్ సూడలేదా? ఫారిన్ పోతున్న అన్నది గీ ట్రైనింగుకే."

మొగులమ్మ అప్పటికప్పుడు కడాయి దింపి, బండి తోసుకుని వెనక సందులోకి వెళ్లిపోయింది. బండి కదలడం చూశాక ఎవరికీ అనుమానం మిగల్లేదు. జేసీబీ వచ్చి కూలిస్తే రేకులు కూడా దక్కవని, మనమే విప్పుకుంటే ఏదో మిగులుతుందని జైపాల్ చెప్పాడు. ఏ విషయంలోనూ ఒక్క మాట మీద నిలబడని ఆ దుకాణాల వరస గడ్డపారలు అందుకుంది. మాట నోటి నోటికీ మారి, గీసిన మనిషి చికెన్ సెంటర్ దగ్గర 'సేటు'గా బయల్దేరి, మలుపు దగ్గర కార్తికేయ చెవిన పడేసరికి 'హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద ఇంజినీరు' అయ్యాడు.

మధ్యాహ్నం బద్రీనాథ్ జాకెట్టు సంచీలో పెట్టుకుని వచ్చాడు. రోడ్డంతా దుమ్ము. మలుపులో ఆయన సొంత దుకాణం ర్యాంపును ఇద్దరు కూలీలు పగలగొడుతున్నారు.

"ఏందిరా ఇది?"

"రోడ్డు వెడల్పంట నాన్నా. నువ్వు పరేషాన్ కాకు, నేను చూసుకుంట."

"ఎవరు చెప్పిండ్రు?"

"చెప్పేదేంది, గీత కనబడ్తలేదా? ఎవరు గీసిండో గాని పక్కా మనిషి. ఎక్కడ వంకర లేదు. గిసొంటోడు ఒక్కడు మన దుకాణంల ఉంటే ఎంత బాగుండు."

కొడుకు నోట తన పని గురించి మంచి మాట వినడం బద్రీనాథ్‌కు అదే మొదటిసారి. అసలు సంగతి చెప్పాలని నోరు తెరిచి, ఆ సంతోషం కాసేపు ఉండనిద్దామని మూసుకున్నాడు. ఆ కాసేపే కొంప ముంచింది.

ఎందుకంటే ఈలోగా జైపాల్‌కు నష్టపరిహారం గుర్తొచ్చింది. దుకాణాల వాళ్లంతా రోడ్డు మీద బైఠాయించారు. కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. డ్యూటీ దిగిన వాళ్లు, ఎక్కాల్సిన వాళ్లు హారన్ల మధ్య తిట్టుకుంటున్నారు. చివరికి మున్సిపాలిటీ అధికారి జీపు దిగాడు.

"రోడ్డు వెడల్పా? మా దగ్గర అలాంటి ప్రతిపాదనే లేదు. ఈ గీత ఎవరు గీశారు?"

"మీ మనిషే గద సార్" అని జైపాల్ బద్రీనాథ్ వైపు చెయ్యి చూపించాడు.

బద్రీనాథ్ సంచీలోంచి జాకెట్టు తీశాడు. జాంబియా, వీడియో, బజ్జీలు, అన్నీ వరసగా చెప్పాడు. కార్తికేయ ఒకసారి ర్యాంపు ముక్కల వైపు, ఒకసారి తండ్రి వైపు చూసి కింద కూర్చున్నాడు.

అధికారి మాత్రం పందిళ్లు, మెట్లు పోయి విశాలమైన రోడ్డు వైపు చూశాడు. జనం లేవగానే రెండు కంపెనీ బస్సులు అద్దాలు తగలకుండా ఎదురెదురుగా దాటిపోయాయి.

"రోడ్డు ఆక్రమించొద్దని నోటీసులిచ్చి ఇచ్చి మా చేతులు పడిపోయాయి. ఎవరు గీస్తేనేం, బాగుంది. దీన్ని దాటి ఎవరైనా ముందుకొస్తే ఈసారి నిజంగానే జేసీబీ వస్తుంది" అని జీపెక్కాడు.

అందరూ బద్రీనాథ్ వైపు తిరిగారు. ఆయనకు నిజంగానే కళ్లనీళ్లు వచ్చాయి. వినేవాళ్లున్న దేశం చేజారింది. ఉన్న ఊళ్లో ముఖం చెల్లకుండా పోయింది.

"తప్పయింది" అన్నాడు. "ఇగ నేను యాడికీ పోను. ఈడనే ఉండి, ఒక్కొక్క దుకాణం మళ్ల ఎట్ల సదురుకోవాల్నో దగ్గరుండి నేనే చెప్త."

ఆ మాటకు వరస మొత్తం ఒక అడుగు వెనక్కి వేసింది. అందరికంటే ముందు జైపాల్ తేరుకున్నాడు.

"గా వీడియో పంపనీకి ఇంక టైమున్నదా సేటు?"

కార్తికేయ లేచి తండ్రి చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. జైపాల్ జుట్టు దువ్వుకుని కెమెరా ముందు నిలబడ్డాడు.

"నేను జైపాల్, చికెన్ సెంటర్. సేటు ఎంతవరకు గీసిండో అంతవరకు జరిగిన. గిసొంటాయన మా దగ్గర ఉండుడు దండుగ. మీకు చాన అవసరం. జల్దీ తోల్కపోన్రి."

తర్వాత టీ హోటలు, పంచర్ షాపు, సెలూను వంతు. ఎవరూ పిలిపించుకోలేదు. చివర్లో మొగులమ్మ బండి తోసుకుంటూ వచ్చి, ఖాళీ అయిన చోటు చూసుకుని అంది.

"సేటు శానా మంచోడు. నాలుగు నెలలేనా? జెర ఎక్కువనే ఉంచుకోన్రి."

మర్నాడు పొద్దున్నే సంస్థ నుంచి జవాబొచ్చింది. ఒక వీధి వీధంతా ఒక్క రోజులో ఒకరి సలహా పాటించడం తామెన్నడూ చూడలేదని, వెంటనే బయల్దేరమని రాశారు. విమానాశ్రయానికి వరస వరసంతా ఆటోల్లో వచ్చింది. అంత ప్రేమను బద్రీనాథ్ ఎరగడు. పూలదండల మధ్య నిలబడి, ఆకుపచ్చ జాకెట్టులో, అందరినీ పేరుపేరునా పలకరించాడు. టేపు ఆయన చేతి సంచీలోనే ఉంది. జాంబియాలో రోడ్లు ఎంత వెడల్పుంటాయని మాత్రం ఎవరూ అడగలేదు.