రాక్షసరాజుకు కళ్లజోడు

ఆదివారం ఉదయం అల్లుడు పెట్టుకున్న పని చిన్నదే. సాయంత్రం ఆటకు వచ్చే బావమరిది తన రాక్షసరాజుకు రంగు వేసి ఉంచమని అప్పగించి వెళ్లాడు. బల్ల మీద ఆడే ఆటలో బొటనవేలంత ప్లాస్టిక్ బొమ్మ అది. కొమ్ములు, కోరలు, బొజ్జ, చేతిలో గద. అల్లుడు కుంచె పట్టడం ఇదే మొదలు. పైగా మామగారూ వస్తున్నారు. రిటైరైన లెక్కల మాస్టారు. పెళ్లినాటి నుంచి అల్లుడి పని ఏదీ ఆయన చేతిలో తప్పు పడకుండా బయటపడలేదు. ఈ ఒక్కదాన్నైనా బాగుందనిపించుకోవాలని ఇతడి పంతం.

నీళ్లు కలిపి పలచగా వెయ్యమని బావమరిది మరీమరీ చెప్పాడు. చిక్కగా వేస్తే ఒక్క పూతతో అయిపోతుంది కదా అనుకున్నాడు అల్లుడు. అయిపోయింది. ఆకుపచ్చ రంగు మీగడలా పేరుకుని కోరలను మింగేసింది.

"కోరలేవండీ?" అంది భార్య.

"నోరు మూసుకున్నాడు."

భార్య వాడే నెయిల్ పాలిష్ రిమూవర్ తెచ్చి తుడవబోయాడు. రంగుతోపాటు ప్లాస్టిక్కూ మెత్తబడి, కోరలు పూర్తిగా అణిగిపోయాయి. కొమ్ములు రెండూ వంగి చెవుల మీద వాలాయి. నడినెత్తి నున్నగా తేలింది. ఆకుపచ్చ సీసా అప్పటికే అడుగంటడంతో మొహానికి మనిషి రంగు, కొమ్ములకు బూడిద రంగు పూశాడు. ఇక కళ్లు. ఒక కంటి చుట్టూ నలుపు పాకి సున్నా అయింది. జత కుదరాలని రెండో కంటికీ సున్నా చుట్టాడు. కుంచె జారి, రెండు సున్నాలూ మధ్యలో గీతతో కలిశాయి.

భార్య వంగి చూసింది. "ఏమండీ, ఇది మా నాన్న."

"నీ మొహం."

"నా మొహం కాదు, ఆయన మొహమే."

అల్లుడూ చూశాడు. బట్టతల, చెవుల మీద నెరిసిన జుట్టు, కళ్లజోడు, బిగించిన పెదవులు. మళ్లీ కుంచె అందుకున్నాడు.

"మీసం పెట్టేస్తే?"

"మొన్నమొన్నటిదాకా ఆయనకి మీసం ఉండేది."

అలా చెరపడానికీ దాచడానికీ దారి వెతుకుతూనే పొద్దు గూకింది. బావమరిది కింద బండి నిలుపుతుండగా మామగారు ముందు లోపలికి వచ్చారు. నేరుగా బల్ల దగ్గరికే వెళ్లి బొమ్మను ఎత్తి పట్టుకున్నారు.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ. అంటే, అదే అయిపోయింది."

"గద ఎందుకు?"

"చేతికర్ర నాన్నా అది," అంది కూతురు.

మామగారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు.

"పొట్ట ఇంత లేదు నాకు," అన్నారు. "మిగతాదంతా సరిగ్గానే ఉంది."

బొమ్మను చొక్కా జేబులో నిలబెట్టుకున్నారు. అల్లుడికి నేల మీద కాలు నిలవలేదు. అంతలో బావమరిది వచ్చాడు.

"బావా, నా రాక్షస..."

అక్క అతని పాదం తొక్కింది. "బావ నాన్నకి బొమ్మ చేసిచ్చార్రా. నువ్వూ చూడు."

అతడు జేబులోంచి తొంగిచూస్తున్న తలనీ, దాని పైనున్న తండ్రి తలనీ మార్చిమార్చి చూశాడు.

"పోలిక భలే కుదిరింది," అన్నాడు నీరసంగా.

ఆ సాయంత్రం ఆటలో రాజు చోట పెట్టిన ఒక చొక్కా బొత్తం రాక్షస సైన్యాన్ని నడిపించింది. గెలిచింది కూడా.