కస్టమర్లు లేని కంపెనీకే గది

దేశం ఎదగాలంటే కంపెనీలు ఎదగాలి! కంపెనీలు ఎదగాలంటే మా కేంద్రం ఉండాలి! మా కేంద్రం ఉండాలంటే కంపెనీలు ఎదగకుండా ఉండాలి!

మొదటి రెండు వాక్యాలూ మా హాలు గోడ మీద జానెడేసి అక్షరాలతో రాసి ఉంటాయి. మూడోది ఎక్కడా ఉండదు. ఏడేళ్ల సర్వీసులో నాకు నేనుగా గ్రహించిన పరమార్థం.

మాది చిన్న కంపెనీల వికాస కేంద్రం. కొత్తగా పుట్టిన కంపెనీకి మూడో అంతస్తులో ఉచితంగా ఒక గది ఇచ్చి, వ్యాపారం పెంచుకోవడం ఎలాగో నేర్పుతాం. నేర్పేది నేను. వ్యాపారాభివృద్ధి సలహాదారుణ్ణి. ఈ చేత్తో ఇంతవరకూ ఎవరికీ గుండుసూది కూడా అమ్మి ఎరగను. అదే నా అర్హత! ఈత వచ్చినవాడు నీళ్లలో దిగి ఒళ్లు తడుపుకుంటాడు. రానివాడే గట్టున నిలబడి నిమ్మళంగా నేర్పగలడు.

మా నిబంధనల్లో పద్నాలుగోది తలమానికం. "కస్టమర్లు ఉన్న కంపెనీకి సాయం అక్కర లేదు గనుక గది ఇవ్వరాదు. గదిలో ఉండగా కస్టమర్లు వచ్చినచో ఖాళీ చేయించవలెను." అందుచేత మా ఏడు గదుల్లోని ఏడు కంపెనీలవాళ్లూ కస్టమరు అన్న మాట వింటే చాలు, గభాల్న తలుపులు మూసుకుంటారు. ఏడేళ్లుగా ఒక్కరూ ఖాళీ చెయ్యలేదు. అంత కడుపులో పెట్టుకుని చూసుకుంటాం!

ఇలా ఉండగా మా చెల్లెలి కూతురు ఊడిపడింది. కుర్చీలు బాగుచేస్తుంది. విరిగిన కాలు అతికిస్తుంది, తెగిన అల్లిక అల్లుతుంది. అది పనిచేసుకునే షెడ్డు పడగొట్టేస్తున్నారట. నెలాఖరులోగా చోటు దొరక్కపోతే దుకాణం కట్టేసి, ఎక్కడో గుమాస్తాగా చేరిపోవాలి.

"మావయ్యా, మీ దగ్గర ఓ గది ఇప్పించు."

"నీకు కస్టమర్లున్నారా?"

"బోలెడుమంది!"

"ష్! గోడలకి రెండే చెవులు. పద్నాలుగో నిబంధనకి నాలుగు!"

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "అది కుర్చీల్ని నిలబెడుతోంది, మీరు కుర్చీలో కూలబడుతున్నారు. ఎవరు ఎవరికి సలహా చెప్పాలండీ? దానికి గది ఇప్పించేదాకా మీ క్యారేజీ మీరే సర్దుకోండి!"

వెంటనే దరఖాస్తు నింపాను. కస్టమర్లు: లేరు. వచ్చే సూచనలు: కానరావు. చదివి మా డైరెక్టరు పులకించిపోయాడు. "ఇంత ఆశాజనకమైన కంపెనీ ఈమధ్య రాలేదయ్యా!"

ఎనిమిదో గది దొరికింది. శిక్షణ మొదలెట్టాను.

"ముందా స్క్రూడ్రైవరు కింద పెట్టు. వ్యవస్థాపకులు పనిముట్లు ముట్టుకోకూడదు. ఇవాళ్టినుంచి నువ్వు కుర్చీలు బాగుచెయ్యవు. ఆసీన సమస్యలకి సమగ్ర పరిష్కారాలు అందిస్తావు."

"మరి కుర్చీ?"

"అది ఆఖరి దశ. మూడో ఏట వస్తుంది."

"అప్పటిదాకా కుర్చీ తెచ్చినవాళ్లు దేనిమీద కూచుంటారు మావయ్యా?"

"నమ్మకం మీద!"

అది నా కుర్చీ కేసి చూసింది. "నీ నమ్మకానికి వెనక కాలు ఊగుతోంది. ఇక్కడి కుర్చీలన్నీ అంతే. ఏడేళ్లు లేవకుండా కూచుంటే ఏ చెక్క మాత్రం ఓర్చుకుంటుంది? ఓ పూట నన్ను చూడనీ."

"పనిముట్లు ముట్టుకోకూడదన్నానా!"

అది తలూపింది. తలుపు మూసుకుని తన పని తను చేసుకుంటూనే ఉంది. కస్టమర్లు వెనక మెట్ల మీదుగా వచ్చి వెళుతున్నారు. నేను చూడనట్టు చూస్తున్నాను.

అంతలో తనిఖీ వచ్చింది. డైరెక్టరు హాలు తళతళలాడించి, ఆ చెత్తంతా వెనక మెట్ల మీదికి తోయించి తాళం వేయించాడు. ఇంకేం! తనిఖీ అధికారిణి వేదిక ఎక్కుతుండగా ముందు గుమ్మంలోంచి పదకొండు మంది వచ్చారు. ఒక్కొక్కరి నెత్తిన ఒక్కో కుర్చీ!

"ఎవరు వీళ్లు?" అందావిడ.

నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది. "శ్రోతలు మేడమ్! మీ ఉపన్యాసం వినాలని ఎవరి కుర్చీ వాళ్లు మోసుకొచ్చారు!"

ఆవిడ కళ్లు చెమర్చాయి. "ఇరవయ్యేళ్లుగా నా ఉపన్యాసాలకి ఖాళీ కుర్చీలే వచ్చాయి. మనుషులతో సహా రావడం ఇదే మొదలు. కూర్చోండి!"

వాళ్లలో ఓ రిటైరైన లెక్కల మాస్టారు నా చెవిలో విసుక్కున్నాడు. "కూర్చోగలిగితే ఇంత దూరం ఎందుకు మోస్తామయ్యా?"

"కూర్చున్నట్టు ఉండండి మాస్టారూ, మీకు పుణ్యముంటుంది!"

ఉపన్యాసం మొదలైంది. "చిన్న కంపెనీకి గట్టి పునాది కావాలి..."

ఫటేల్! మొదటి వరసలో ఓ దర్జీ మాయమయ్యాడు.

"వెనక దన్ను కావాలి..."

టపీమని మాస్టారి కుర్చీ వీపు ఊడింది. మాస్టారు వెల్లకిలా పడి కప్పు కేసి చూస్తూ వినసాగాడు.

"ఒడిదొడుకులు తట్టుకోవాలి..."

మూడు కాళ్ల కుర్చీకి తన కాలు నాలుగోదిగా ఆనించిన ఓ బామ్మగారు కేకేసింది. "తట్టుకుంటూనే ఉన్నానమ్మా, నువ్వు తొందరగా కానియ్యి!"

దర్జీ దుమ్ము దులుపుకుంటూ లేచి మా మేనకోడలి మీద విరుచుకుపడ్డాడు. "పాపా, ఒక్క కాలే పోయిందని తెచ్చాను. ఇప్పుడు రెండు! వారంరోజులుగా నిలబడి మిషను తొక్కుతున్నాను. ఇవాళే చేసిస్తానన్నావా లేదా?"

"వీళ్లెవరమ్మా?" అంది అధికారిణి.

శ్రోతలని చెప్పమని కళ్లతో సైగ చేశాను, కనుబొమలతో చేశాను, ఆఖరికి రెండు చేతులూ చెవులకి ఆనించి చూపించాను. పిల్ల నన్ను చూడనే లేదు.

"నా కస్టమర్లు మేడమ్. గది పోతే పోనీండి. ఈ దర్జీగారిని నిలబెట్టి నేను అబద్ధం ఆడలేను." స్క్రూడ్రైవరు తీసి అక్కడే పని మొదలెట్టింది.

"కస్టమర్లా!" అని డైరెక్టరు కుర్చీలో కూలబడ్డాడు. ఆయనతోబాటు కుర్చీ కూడా కూలబడింది. నేను నా కుర్చీలో వాలాను. వెనక కాలు సెలవు తీసుకుంది. తలుపుల సందుల్లోంచి చూస్తున్న ఏడు కంపెనీలవాళ్లూ కస్టమరన్న మాటకి హడలిపోయి, తలుపులేసుకుని, ఎవరి కుర్చీలో వాళ్లు దబ్బున పడ్డారు. ఏడు గదుల్లోంచి ఏడు చప్పుళ్లు!

హాల్లో నిలబడ్డ అధికారి ఆవిడొక్కర్తే. అక్కడే ఆజ్ఞ జారీ చేసింది. "పద్నాలుగో నిబంధన ప్రకారం ఈ అమ్మాయి సాయంత్రంలోగా ఎనిమిదో గది ఖాళీ చెయ్యాలి. ఇక్కడ కుర్చీలెన్ని?"

"నూట నలభై," అన్నాడు డైరెక్టరు నేలమీంచే.

"అన్నీ బాగుచేయించండి. ఆ పని కస్టమర్లున్న కంపెనీకే ఇవ్వాలనీ, పని అయ్యేదాకా చోటు చూపించాలనీ ఇరవై రెండో నిబంధన. అలాంటి కంపెనీ ఈ భవనంలో ఏదైనా ఉందా?"

నేలమీద పడి ఉన్న చేతులన్నీ లేచి ఒక్క పిల్లనే చూపించాయి!

ఇప్పుడు కింది అంతస్తు సగం దానిదే. నలుగురు పనివాళ్లు. మేం కూచుంటూనే ఉన్నాం గనుక పని ఎప్పటికీ అయ్యేది కాదు, చోటు ఎప్పటికీ పోయేది కాదు. ఈ ఏటి నివేదికలో డైరెక్టరు రాశాడు: "మా సిబ్బంది అవిరామ కృషి ఫలితంగా ఒక కంపెనీ ఎదిగినది." ఏడేళ్లలో మా కేంద్రం రాసిన మొదటి నిజం! మేమంతా అవిరామంగా కూచోకపోతే అన్ని కుర్చీలు విరిగేవా?

మొన్న నా కుర్చీ మోసుకుని కిందికి దిగాను.

"నీ ముందు తొమ్మిది మందున్నారు మావయ్యా."

"నేను నీ గురువునే!"

"అవును మావయ్యా. అందుకే పదోవాడివి, లేకపోతే రేపు రమ్మనేదాన్ని."

పక్కనున్న బామ్మగారు ఓదార్చింది. "నిలబడు నాయనా, అదే అలవాటవుతుంది."

నిలదొక్కుకోవడం ఎలాగో ఏడేళ్లు బోధించినవాణ్ణి, మొదటిసారి నిలబడ్డాను. కాళ్లు రెండూ ఊగుతున్నాయి. వీటిని కూడా బిగిస్తుందేమో, నా వంతు వచ్చాక అడగాలి.